రైలు పోయాక మిగిలిన కట్ట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం రైళ్ళ మీదే. తప్పు నాదే. పోయిన నెల అరకు రైలు గురించి ఎవరో అడిగితే జవాబు రాస్తూ, నడుస్తున్న లైన్ల కంటే ఎత్తేసిన లైన్లంటేనే నాకు మోజని చివర్లో ఒక మాట జారాను. ఇక పట్టుకున్నారు. సరే, ముప్పై ఏళ్ళు పట్టాల వెంట ట్రాలీ మీద తిరిగి, రిటైరయ్యాక కంచరపాలెంలో ఇల్లు కట్టుకుని, రాత్రి గూడ్సు బండి చప్పుడు వినపడకపోతే నిద్ర పట్టని మనిషిని, నన్నడగక ఇంకెవర్ని అడుగుతారు లెండి. మిగతా ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మా అత్తవారి ఊరు టెక్కలి అవతల. మావగారి పొలంలో ఐమూలగా ఒక ఎత్తు కట్ట పోతుంది, తుమ్మలు మొలిచి పాడుగా ఉంటుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని చిన్న రైలు కట్ట అంటారు. ఇప్పటి రైలు దానికి రెండు మూడొందల గజాల అవతల పోతోంది. మా బావమరిది మాత్రం అది పాత కాలవ గట్టు, రైలూ లేదు గియిలూ లేదు అంటాడు. తేల్చుకోవడం ఎలా? (ఒక పాఠకుడు, గోపాలపట్నం)

ముందు మీ బావమరిదిని ఏమీ అనకండి, ఆయన అనుమానం న్యాయమైందే. మన వైపు పొలాల మధ్య ఎత్తుగా ఏది కనపడినా అది చెరువు గట్టో కాలవ గట్టో అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ మీరు రాసిన ఒక్క ముక్క, ఐమూలగా అన్నది, నాకు సగం తేల్చేసింది.

లైను సంగతి క్లుప్తంగా. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. 25 మైళ్ళు, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చు. 1900 ఏప్రిల్ 1న బండి మొదలైంది. అప్పటికే మద్రాసు నుంచి కలకత్తా వైపు పోయే పెద్ద లైను నౌపడ మీదుగా పడింది, తన ఊరిని దానికి కలుపుకోవాలన్నది ఆయన కోరిక. 1931కి గుణుపురం దాకా పొడిగించారు, అప్పటికి మొత్తం 90 కిలోమీటర్ల లైనైంది. 2004 జూన్‌లో చిన్న రైలు ఆపేసి పెద్ద లైను పని మొదలుపెట్టారు, 2011కల్లా గుణుపురం దాకా పెద్ద బండి పోయింది. అంటే మీ అత్తవారి ఊళ్ళో ముప్పై ఏళ్ళు దాటిన ఎవరినడిగినా చిన్న రైలు గుర్తుంటుంది, ఇదేమీ పురాణం కాదు.

మరి కట్ట పక్కకెందుకుంది అంటారు. గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు, మార్చేటప్పుడు ఎక్కడికక్కడ పాత కట్టనే వెడల్పు చేసుకుంటూ పోతారు, అదే చవక. కానీ చిన్న బండి తిరిగినంత గట్టి మెలిక పెద్ద బండి తిరగలేదు. అలాంటి చోట మెలికని సాగదీసి పట్టాలు పక్కకి జరుపుతారు. జరిపినప్పుడు పాత ముక్క చేల మధ్యలో అలాగే పడి ఉంటుంది. మీది అలాంటి ముక్కే అయి ఉంటుందని నా లెక్క. ఉత్తరం చదివి ఒట్టేసి చెప్పలేను గాని, మీరే వెళ్ళి చూసుకోవచ్చు. వేసవిలో వెళ్ళండి. ఊడ్పులయ్యాక పోతే ఏమీ కనపడదు, పైగా పాములు.

కాలవ గట్టు నేల వాలు పట్టుకుని పోతుంది, నీళ్ళు పారాలి కదా, అందుకని మెరకని చుట్టుకుంటూ వంకర్లు తిరుగుతుంది. బండి బాట మనిషి మాట వింటుంది, ఒకరి చేను మూల దగ్గర టక్కున తిరుగుతుంది, ఇంకొకరి కళ్ళం పక్కనుంచి తప్పుకుంటుంది. రైలు కట్ట ఈ రెంటి మాటా వినదు. వచ్చిన దారిలో ఎవరి చేనుంటే వాళ్ళ చేను కోసేసుకుంటూ పోతుంది. అందుకే కట్టకి రెండు వైపులా మూడు మూలల మడులు మిగులుతాయి, ఏర్ల జోడీ తిప్పడానికి చోటు చాలని మడులు, ఇప్పుడైతే ట్రాక్టరు తిరగదు, ఆ మూలలో కందులో పేడ దిబ్బో తప్ప ఏమీ ఉండవు. మీ మావగారి పొలంలో అలాంటి మడి ఉందో లేదో చూడండి. కట్ట అవతలి మడి కూడా ఒకే సర్వే నంబరులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

తర్వాత దాని మీద ఎక్కి నడవండి. కింద పొలం మెరకా పల్లం అవుతున్నా కాళ్ళ కింద కట్ట మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. వంద అడుగులు పోతే ఒక్క అడుగు ఎక్కడం అంటే రైలుకి గట్టి ఎక్కుడే, మనకైతే అది ఎక్కుడని కూడా తెలీదు. నమ్మకం కుదరకపోతే తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ళ ట్యూబు పట్టుకెళ్ళండి.

అన్నిటికంటే నాకు గుంటలు ముఖ్యం. కట్టకి మట్టి ఎక్కడినుంచి వస్తుంది? పక్కనే తవ్వి పోస్తారు. అందుకని రెండు వైపులా వరసగా, పలకగా, ఒకే లోతులో గుంటలుంటాయి. వానాకాలంలో చిన్న చిన్న కుంటల్లా నిండి కలువలు పూస్తాయి. వాటి మధ్యలో ఒక్కోచోట తవ్వకుండా వదిలేసిన మట్టి దిమ్మ కనపడుతుంది, మనిషి మోకాలంత ఎత్తో నడుమంత ఎత్తో. చూసినవాళ్ళు పుట్ట అనుకుంటారు. అది పుట్ట కాదు, కూలి లెక్క. ఎన్ని ఘనపుటడుగుల మట్టి తీస్తే అంత డబ్బు కాబట్టి, ఎంత లోతు తవ్వారో ఓవర్సీరు వచ్చి కొలవడానికి అసలు నేల మట్టం చూపించేలా ఆ దిమ్మని వదిలేవారు. కొలత అయ్యాక దాన్నీ తవ్వుకోవచ్చు. చాలా చోట్ల ఎవరూ తవ్వలేదు.

ఇక మట్టి రంగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎప్పుడో ఎత్తేసిన ఒక క్వారీ సైడింగు (రాళ్ళ కోసం వేసిన పక్క లైను) ఎక్కడిదాకా పోయేదో చూసి రమ్మని నన్నూ ఒక ముసలి కీమన్‌నీ (రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే పనివాడు) పంపారు. ఎర్ర నేల, ఎటు చూసినా జీడిమామిడి. నాకు ఏమీ దొరకలేదు. ఆయన మాత్రం ఒక చోట ఆగి, చెప్పు విప్పి, మడమతో నేలని రెండు సార్లు గీకాడు. ఎర్ర మట్టి కింద నల్లగా వచ్చింది. ఆ నలుపులోంచి వేలెడంత గడ్డ తీసి నా చేతిలో పెట్టాడు, తేలిగ్గా, తేనెతుట్టెలా చిల్లులతో. కాలిన బొగ్గు. "బాబుగారూ, ఇంజిను ఇక్కడ నిలబడి బూడిద దులుపుకునీది" అన్నాడు. అక్కడినుంచి పది అడుగుల్లో ఒక డాగ్ స్పైకు (పట్టాని కింది దుంగకి బిగించే మేకు) కూడా దొరికింది, తల తుప్పుపట్టి బెల్లపు గడ్డలా ఉబ్బిపోయింది. కాగితాల మీద ఆ సైడింగు అక్కడికి అరమైలు ఇవతలే ఆగిపోయినట్టుంది. ఆఫీసుకొచ్చి చెబితే కాగితమే కరెక్టు అన్నారు. ఏ ఆఫీసో అడక్కండి.

నల్ల కంకర కూడా చూడండి, మీ ఊళ్ళో రాయి ఏ రంగో మీకు తెలుసు కదా, దానికి పొంతన లేని రాయి కట్ట మీద గుప్పెళ్ళ కొద్దీ దొరికితే అది ఎక్కడినుంచో బండి మీద వచ్చిందనే. చివరగా పేర్లు. ఏ గేటూ లేని చోటుని జనం "గేటు కాడ" అంటుంటే, రైలు ఆగని చోటుని "టేసను తోట" అంటుంటే, వాళ్ళని వెర్రివాళ్ళనుకోకండి.

ప్రశ్న: మాకూ అలాంటి కట్టే ఉంది, వేరే ఊళ్ళో. దాన్ని చదును చేస్తే ముప్పై సెంట్లు కలిసొస్తాయి, మట్టి కొనేవాళ్ళూ ఉన్నారు. నాన్నగారి కాలం నుంచీ మేమే దాని మీద పశువుల్ని మేపుతున్నాం. అడ్డేమిటి? (గాజువాక)

రెండు అడ్డాలు. ఒకటి కాగితం, రెండోది నీళ్ళు. మీరు మొదటిదే అడిగారు, నాకు రెండోదే పెద్దది.

కాగితం సంగతి ముందు. పట్టాలు తీసేసినంత మాత్రాన నేల పక్క రైతుది అయిపోదు. రికార్డులో రైల్వే పేరుతోనో, పోరంబోకుగానో ఉంటుంది. మీరు మేపుకున్నారు, నిజమే, కానీ మేపుకోవడం వేరు హక్కు వేరు. ప్రైవేటు మనిషి నేల అయితే 12 ఏళ్ళ లెక్క, ప్రభుత్వానిదైతే 30 ఏళ్ళు, అదీ ఊరికే తిరిగినట్టు కాదు, సొంతదారులా అనుభవించినట్టు కోర్టులో రుజువు కావాలి. పశువుల మేతతో అది కుదరదని ఏ వకీలైనా మొదటి ఫీజు తీసుకునే ముందే చెబుతాడు, చెప్పాలి.

సర్వేయర్ని అడిగి మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తీయించండి. కొలతలు లింకుల్లో ఉంటాయి, కంగారు పడకండి, 100 లింకులంటే ఒక గొలుసు, 66 అడుగులు. ఊరి నక్షాలో రెండు గీతలు జంటగా ఊరి ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేర దాకా పోతుంటే అదే మీ కట్ట. ఇప్పుడు రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు ఇచ్చి ఉంటారు, దానికి సరిపడే పాత సర్వే నంబరు పట్టుకుంటే గాని పాత కాగితం దొరకదు.

పాత కాగితం అంటే ఇంకో తిరకాసు. మీది టెక్కలి, పాతపట్నం వైపు ఊరైతే, 1936 దాకా అది గంజాం జిల్లా, ఆ జిల్లా కచేరీలు ఛత్రపురంలో. ఒరిస్సా విడిపోయినప్పుడు ఇటు మిగిలిన ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాక అందులోకి పోయాయి. మూడు జిల్లాలు తిరిగిన ఊరన్నమాట, కదలకుండానే. పైగా ఎస్టేటు ఊళ్ళు, 1948 చట్టంతో జమీందారీలు పోయాకే చాలా వాటికి రైత్వారీ సెటిల్మెంటు జరిగింది. కాబట్టి 1900 నాటి నేల గురించి మీకు దొరికే మొదటి పక్కా కాగితం 1950ల నాటిదైతే ఆశ్చర్యపోకండి. ఈ ఎస్టేటు ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట, గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలోనే గడిపి, ఆ ఊరు ఒరిస్సాలో కలిసిపోతుంటే ఉండలేక 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ సరిహద్దు గీత మనుషుల్నీ, జిల్లానీ, రాజావారి లైన్నీ ఒకేసారి కోసింది. ఇప్పటికీ నౌపడలో ఆంధ్రలో ఎక్కి గుణుపురంలో ఒడిశాలో దిగుతాం.

ఇక నీళ్ళు. కట్ట ఒక రకంగా ఆనకట్టే. పైనుంచి వచ్చే వాన నీరంతా దానికి తగిలి ఆగుతుంది, తూముల్లోంచి మాత్రమే అవతలికి పోతుంది. నూరేళ్ళుగా చుట్టుపక్కల పొలాలు ఆ లెక్కకి అలవాటు పడిపోయాయి. ఎగువ రైతు మడి ఎత్తు, దిగువ రైతు కాలవ వెడల్పు, ఎవరి గట్టు ఎక్కడ తెగ్గొట్టాలో, అన్నీ ఆ తూము ఎక్కడుందో దాన్ని బట్టే కుదిరాయి. మీరు కట్ట తీసేస్తే ఇన్నాళ్ళూ ఒక్క చోట దిగే నీళ్ళు మీ పొలం పొడుగునా దిగుతాయి. కట్ట ఉంచి తూము పూడ్చారనుకోండి, ఎగువ వాడి వరి నాలుగు రోజులు మునుగుతుంది, అయిదో రోజు ఆయన మీ ఇంటికొస్తాడు.

నేను చూసిన ఒక ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. గెడ్డ మీద రెండు కమానుల ఇటుక తూము, సున్నంతో కట్టింది, లోపల మనిషి వంగి నడవొచ్చు. కట్ట కొన్న మనిషి (ఆయన కొన్నాననే అనుకున్నాడు) దాని మీద మట్టి తోలి ఒక కమాను మూసేశాడు. ఆ ఏడు తుఫాను వానకి రెండో కమాను చాలక నీళ్ళు కట్ట తలకెక్కి పక్కనుంచి తెగ్గొట్టుకుపోయాయి. తెల్లారి చూస్తే తూము తూములాగే నిలబడి ఉంది, దాని పక్కన కట్టే లేదు. కట్ట మధ్యలో తూము ఎందుకు అంత పెద్దగా కట్టారా అని నవ్వినవాళ్ళంతా ఆ పూట నవ్వలేదు. పాత ఇంజనీర్లు వాన కురిసిన గుర్తులు చూసి, ఊరి ముసలాళ్ళని అడిగి కమాను సైజు వేశారు. ముప్పై సెంట్ల కోసం అందులో వేలు పెట్టకండి. అంతగా కావాలంటే ముందు రాసిచ్చిన అనుమతి, తర్వాతే పొక్లెయినరు.

ప్రశ్న: మా అమ్మమ్మ చిన్నప్పుడు ద్రాక్షారామంలో రైలెక్కి కాకినాడ వెళ్ళానని చెప్పేది. నాన్న నవ్వేవాడు, ఆ లైను వేసిందే 2004లో కదా, కలగన్నావా అని. ఇద్దరిలో ఎవరిది కరెక్టు? (ఎంవీపీ కాలనీ)

ఇద్దరిదీ. అయ్యో అనిపించే విషయం ఏమిటంటే మీ నాన్నగారికి ఆ సంగతి చెప్పడానికి అమ్మమ్మగారు ఇప్పుడు లేరేమో, "చెప్పేది" అన్నారు.

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేశారు. 45 కిలోమీటర్లు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టుకి. అంతా డెల్టా, వరి తప్ప ఇంకోటి లేని నేల. పన్నెండేళ్ళు తిరిగిందో లేదో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇనుముకి కరువు. దేశంలో ఆదాయం తక్కువున్న బ్రాంచి లైన్లని ఏరి పట్టాలు పీకి యుద్ధానికి పంపారు, తమిళ దేశంలో మొరప్పూరు–ధర్మపురి చిన్న లైను కూడా అలా పోయిందే. కోటిపల్లి లైను 1940లో పీకేశారు. అక్కడినుంచి అరవై ఏళ్ళ పైచిలుకు ఆ కట్ట ఊరికే ఉంది. మళ్ళీ పట్టాలు పడింది 2004లో.

ఆ మధ్యలో పుట్టి పెరిగినవాళ్ళకి రైలు కనపడలేదు, కట్టే కనపడింది. మీ నాన్నగారు ఆ బాపతు. ఈ లైన్ని కోటిపల్లి నుంచి నరసాపురం దాకా పొడిగించే పని కూడా ఉంది, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి, మాటలా మరి.

అమ్మమ్మగారి టిక్కెట్టు గాని, ఆ కాలపు కాగితం ముక్క గాని ఇంట్లో ఉంటే పారేయకండి.

ప్రశ్న: పర్లాకిమిడికి రెండున్నర అడుగుల లైను ఎందుకు వేశారు? పెద్దదే వేస్తే మళ్ళీ మార్చే బాధ ఉండేది కాదుగా. (ఇంటర్ విద్యార్థి, మర్రిపాలెం)

డబ్బు, నాయనా. పైన చెప్పిన ఏడు లక్షల్ని పాతిక మైళ్ళతో భాగించు, మైలుకి 28 వేలు. పెద్ద లైను పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, చిన్న దానికి 762, అంటే మీ ఇంట్లో గది తలుపు వెడల్పంత. పట్టా సన్నం, పట్టాల కింద వేసే స్లీపరు దుంగ పొట్టి, కట్ట ఇరుకు, వంతెన తేలిక, మెలికలు ఎన్నయినా తిరగొచ్చు కాబట్టి గుట్ట తవ్వే పనీ తక్కువ. లాభం వస్తుందో లేదో తెలియని చోట అంతకంటే ఎవరు పెడతారు? మొదట్లో నష్టాలే వచ్చాయి కూడా. బాధ ఎక్కడంటే నౌపడలో పెద్ద లైను వ్యాగను చిన్న లైను మీదికి ఎక్కదు, ప్రతి బస్తా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి మోయాలి. లారీలొచ్చాక ఆ మోత ఎవరు భరిస్తారు.

ప్రశ్న: ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి ఇలాంటివి చూపించాలని ఉంది. వైజాగ్ నుంచి ఎటు వెళ్ళమంటారు? (సీతమ్మధార)

గుణుపురం ప్యాసింజరెక్కండి, టైము మాత్రం ఆ వారం చూసుకోండి, మారుస్తూ ఉంటారు. నౌపడ చుట్టూ ఉప్పు మళ్ళు, పిల్లలకి అదే సగం వినోదం. నౌపడ దాటాక కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఇందాక చెప్పిన పలక గుంటలు ఎవరు ముందు కనిపెడతారో పందెం పెట్టండి. మెలిక వచ్చిన చోటల్లా బయటి వైపు చూడాలి. మా మనవడు మొదటిసారి పదకొండు లెక్కపెట్టాడు, వాటిలో మూడు చేపల చెరువులని తర్వాత తేలింది, అయినా పందెం డబ్బులు ఇవ్వాల్సొచ్చింది.

దిగి పట్టాల మీద నడిపించకండి, సెల్ఫీలు అసలొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. కట్ట మీద తుప్పు పట్టిన ఫిష్‌ప్లేటు (రెండు పట్టాల్ని కలిపే ఇనప పలక) దొరికిందని సంచీలో వేసుకోవడం ఇంకా ప్రమాదం, రైల్వే ఆస్తి దొంగసొత్తుగా దగ్గరుంటే 1966 చట్టం ఒకటుంది, అయిదేళ్ళ దాకా పడుతుంది. ఫొటో తీసుకుని ఎక్కడిదక్కడ పెట్టేయండి.

ప్రశ్న: నేను పాతపట్నం వైపు ఒక ఊళ్ళో టీచరుగా చేసి వచ్చాను. ఆ బడి గంట ఒక రైలు పట్టా ముక్క, చింతచెట్టుకి తీగతో కట్టి ఉండేది. బడికి కొత్త కరెంటు బెల్లు వచ్చాక దాన్ని దించేశారు, ఇప్పుడు స్టోరు రూములో ఉంది. రెండడుగుల పొడవు, కిరాణా కొట్టు కాటా మీద తూచితే తొమ్మిది కిలోల చిల్లర. పక్కన ఏవో ఉబ్బు అక్షరాలున్నాయి, రంగు కింద సరిగ్గా కనపడటం లేదు. ఇది చిన్న రైలుదేనా? (శ్రీహరిపురం)

తూచి మరీ రాశారు చూడండి, మీకు దణ్ణం. నూటికి తొంభై మంది "చాలా బరువుగా ఉంది సార్" అని రాస్తారు.

పట్టాకి పేరు దాని బరువే. పాత లెక్కలో గజానికి ఎన్ని పౌండ్లో అదే దాని రకం. మీ ముక్క రెండడుగులకి తొమ్మిది కిలోలు, అంటే అడుగుకి నాలుగున్నర కిలోలు, అది సుమారు 10 పౌండ్లు. గజానికి మూడడుగులు, మొత్తం 30 పౌండ్లు. చిల్లర ఎంతో రాయలేదు, పైగా తుప్పు తిన్నది కొంత పోయి ఉంటుంది, మేకులు కొట్టినట్టు పిల్లలు వందేళ్ళు బాదింది కొంత పోయి ఉంటుంది, ఒకటి రెండు పౌండ్లు అటూ ఇటూ వేసుకోండి. ఎటు చూసినా అది చిన్న లైను పట్టానే. పెద్ద లైనుదైతే, 90 పౌండ్ల రకం వేసుకున్నా, ఆ రెండడుగులే 27 కిలోలుండేది, చింతకొమ్మ వంగిపోయేది. ఇప్పుడు వేసే 60 కిలోల రకం మీటరుకి 60 కిలోలు, దాని గంట మోగించాలంటే సమ్మెట కావాలి.

అయితే చిన్న లైను పట్టా కాబట్టి అదే లైనుదని మాత్రం అనకండి. చెరకు ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో, రేవుల్లో అలాంటి సన్న పట్టాలు బోలెడు వాడారు, వేలంలో తుక్కు కొన్నవాళ్ళు ఎక్కడెక్కడికో అమ్మారు. అక్షరాలు చదివితే ఇంకొంచెం తెలుస్తుంది. రంగు గీకొద్దు, అక్షరాలు పోతాయి. పల్చటి తెల్ల కాగితం దాని మీద పరిచి మెత్తటి పెన్సిల్ని అడ్డంగా పట్టుకుని రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసేవాళ్ళమే, అలాగ. సాధారణంగా ముందు తయారు చేసిన కంపెనీ పేరు, తర్వాత సంవత్సరం ఉంటాయి. సంవత్సరం పక్కన నిలువు గీతలుంటే అవి నెల, నాలుగు గీతలంటే ఏప్రిల్. టాటా అని ఉంటే 1912కి ముందుది కాదు, వాళ్ళ ఉక్కు మొదలైందే అప్పుడు. విలాయతీ పేరుండి 1900కి ముందు సంవత్సరం ఉంటే రాజావారు మొదట వేయించిన వాటిలోది కావచ్చు, కాకపోనూవచ్చు, ఎందుకంటే ఒక లైను మీద అరిగిన పట్టాలు తీసి తక్కువ బండ్లు తిరిగే ఇంకో లైనుకి వేయడం మా డిపార్టుమెంటులో మామూలే. పట్టా పుట్టిన ఏడు వేరు, అక్కడ పడిన ఏడు వేరు.

హెడ్మాస్టరుగారితో చెప్పి దాన్ని తుక్కు వాడికి పోకుండా చూడండి. ఏ రోజు వేలం వేస్తారో తెలీదు. పెన్సిలు రుద్దిన కాగితం ఈ చిరునామాకే పంపండి, గీతలు లెక్కపెట్టేటప్పుడు చివరిది సగం అరిగి ఉంటుంది జాగ్రత్త. ఆ తొమ్మిది కిలోల చిల్లరెంతో కూడా రాయండి.